ట్యాంకు మూతకు అంటించిన కాగితం

రాజకుమారీ, ఇక్కడ తువాస్ ఓడల యార్డులో నేను బాగున్నానని అమ్మకు చెప్పు.

మొన్న షిఫ్టు దిగేముందు, నువ్వు ఫోన్లో నేర్పినట్టే ఏది ముందు, ఏది తర్వాత అని విడమరిచి, ఇంగ్లీషులో రాసి ఓడ ట్యాంకు మూతకు అంటించాను. పొద్దున గ్యాస్ చెకింగ్ అయింది, ఆ తర్వాత రంగు వేశాం, మళ్లీ చెక్ చేసేదాకా ఎవరూ లోపలికి దిగకూడదు అని. తర్వాతి షిఫ్టులో దిగబోయిన యాకూబ్ అది చదివి ఆగాడు. చెక్ చేస్తే లోపల మనిషి బతికే గాలి లేదు.

"ఇంత క్లియర్‌గా రాయడం ఎవరు నేర్పారయ్యా?" అన్నారు సూపర్‌వైజర్ బంగారయ్య అంకుల్. మా చెల్లి అని అందరికీ వినబడేలా చెప్పాను.

గేదె ఈనిందా? ఇంటర్‌లో ఇంగ్లీషు పోయిందని చదువు మానేస్తానన్నావట. మళ్లీ పరీక్షకు కట్టు. యాకూబ్ వాళ్లమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి నీకు దీవెనలు చెప్పమంది.

మీ అన్న
అనిల్‌కుమార్