సర్దుకుంటున్నాం, పిన్నీ!

శుక్రవారం, సాయంత్రం

పిన్నికి,

నమస్కారాలు. నువ్వు ఫోనెత్తవు కాబట్టి మళ్లీ ఉత్తరమే. ఎత్తినా సగం మాటలే వినబడతాయంటావు, ఆ సగానికే కోపం తెచ్చుకుంటావు. రొట్టెల వ్యానాయన రోజుకు మూడుసార్లు మీ ఊరికీ మా ఊరికీ తిరుగుతున్నాడు. పుణ్యాత్ముడు, ఉత్తరాలు తనే పట్టుకెళ్తానన్నాడు.

ఇక్కడ ఊపిరి తీసుకోవడానికి తీరిక లేదు. కొట్లో ఇంకా పదకొండు ప్యాంట్లకు అంచులు మడవాలి. ఒక పెళ్లికొడుక్కి చేతులు అతకాలి, అంటే అతని కోటుకి. రేపు మా అత్తగారి తరఫువాళ్లు చూడటానికి వస్తున్నారు. ఎల్లుండి మధ్యాహ్నం స్నేహితుల వీడ్కోలు భోజనం, నాలుగింటికి లారీ. సోమవారం పొద్దున్నే పట్నంలో, నాటక కంపెనీలో నా కొత్త ఉద్యోగం, రాజులకీ రాణులకీ బట్టలు కుట్టడం. ఇన్నిటి మధ్యా ఇంట్లో మేమిద్దరం సర్దుకుంటున్నాం. సర్దుకునే కొద్దీ ఇంకా ఉన్నట్టే ఉంది. పదేళ్ల కాపురం కదా!

అసలు సంగతికి వస్తాను. రెండు నెలలుగా ఈ ప్రయాణం మాటెత్తితే నువ్వు ఎండా వానా గురించి మాట్లాడుతున్నావు. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి. నువ్వొచ్చి ఎదురుగా నిలబడి 'వెళ్లిరా' అంటే తప్ప నా కాలు కదలదు. వస్తావా, రావా? రాయి.

నీ
గుండీ

తా.క. చిన్నప్పుడు గుండీ మింగానని ఈ పేరు పెట్టావు. కొత్త కంపెనీవాళ్లకి మాత్రం చెప్పకు. అక్కడ గుండీల డబ్బా నా చేతికే ఇస్తారట.

శనివారం, పొద్దున

చిరంజీవి గుండీకి,

దీవెనలు. ఉత్తరం మీద తేదీ లేదు. ఒట్టి శుక్రవారం అని రాస్తే ఏ శుక్రవారం అనుకోవాలి? ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ముద్రలు కొట్టినదాన్ని, నా కడుపు మండదూ?

అది సరే. మీరిద్దరూ సర్దుకుంటున్నారని చదివి గుండె కలుక్కుమంది. కాపురంలో కలతలుంటే నాకు ముందే చెప్పొద్దూ? సర్దుకునే కొద్దీ ఇంకా ఉన్నట్టే ఉందని ఎంత బాధపడి రాశావో! అయినా సర్దుకోవడం నీ ఒక్కదాని పనా? అల్లుణ్ణి కూడా కాస్త సర్దుకోమను.

పక్కింటి ప్లీడరు గారిని అడిగాను. పేర్లు చెప్పలేదులే, 'మా గుండీ' అని మాత్రం అన్నాను. ఇలాంటప్పుడు ఇల్లు మారకూడదని ఆయన అభిప్రాయం. ఆలోచించు.

ఆశీస్సులతో
పిన్ని

తా.క. ఇక్కడ మబ్బుగా ఉంది. వాన పడొచ్చు.

శనివారం, మధ్యాహ్నం

పిన్నికి,

నమస్కారాలు. వ్యానాయన హారన్ కొడుతున్నాడు, గబగబా రాస్తున్నాను. నీ ఉత్తరంలో అక్కడక్కడా నాలుగు ముక్కలే చదవగలిగాను. మిగతా దాని మీద చుట్టాల్లో ఎవరో తడి గ్లాసు పెట్టారు.

అల్లుణ్ణి కూడా సర్దుకోమన్నావు చూడు, ఆ ఒక్క ముక్క బంగారం! ఆయన సర్దుకునే రకమా? కుర్చీలో కూర్చుని నేను సర్దుకోవడం చూస్తాడు. పైగా పాతదాన్ని వదలనంటాడు. పెళ్లికి ముందు నుంచీ ఉందట, ప్రాణమట. పొద్దున లేస్తే దాని దగ్గరికే పరుగు. ఒళ్లంతా తుడుస్తాడు, నిమురుతాడు. నాకు జ్వరమొస్తే నుదురు ముట్టుకోడు. మొన్న నడివీధిలో, నలుగురూ చూస్తుండగా, గంటసేపు దాని పక్కనే పడుకున్నాడు! 'అదొస్తే నేను రాను' అని తేల్చి చెప్పేశాను. మా అత్తగారి తరఫువాళ్లేమో మగవాడికి ఆ మాత్రం ముచ్చట ఉంటుందిలే అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

రేపు వస్తున్నావా? వానైతే గొడుగేసుకుని రా.

నీ
గుండీ

తా.క. పొగ ఒకటి. ముందుగదిలో కూర్చోలేకపోతున్నాం.

ఆదివారం, పొద్దున

చిరంజీవి గుండీకి,

దీవెనలు. పొగ కూడా తాగుతుందా! చదువుతుంటే చేతిలో కాఫీ చల్లారిపోయింది. నడివీధిలోనా? నలుగురి ముందా?

ప్లీడరు గారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదవమన్నారు. తర్వాత మూడోసారీ చదవమన్నారు, అది మాత్రం కేసు కోసం కాదనుకుంటా.

నువ్వేం బెంగపడకు. మా ముందుగది ఖాళీ చేయించాను. కుట్టు మిషను కిటికీ దగ్గర పెట్టుకో, వెలుతురు బాగుంటుంది. నాటకాల రాజులకి నువ్వు కాకపోతే ఇంకొకరు కుడతారు. నిన్ను కాస్త కనిపెట్టుకుని ఉండమని నీ స్నేహితులకు చెప్పమంటూ వ్యానాయన చెవిన ఒక మాట వేశాను.

ఆశీస్సులతో
పిన్ని

తా.క. దాని పేరేమిటట? కాగితాల్లో రాయడానికి కావాలంటున్నారు ప్లీడరు గారు.

ఆదివారం, మధ్యాహ్నం రెండు

పిన్నికి,

నమస్కారం పెడుతున్నాను కానీ పళ్లు కొరుకుతూ పెడుతున్నాను.

భోజనానికి పద్నాలుగు మంది వచ్చారు. ఒక్కరూ నవ్వలేదు. నన్నొక మూల, ఆయన్నొక మూల కూర్చోబెట్టారు. మా పక్క కొట్టు తాళాల మేస్త్రీ వీడ్కోలు మాటలు చెప్పడానికి లేచి, 'బాబూ, ఎంతైనా ఇల్లాలు ఇల్లాలేనయ్యా, ఆ పాతదాన్ని వదిలెయ్యి' అని ఏడ్చేశాడు. మా ఆయన కూడా కళ్లు తుడుచుకుని, 'ఇరవై ఏళ్లు నన్ను మోసిందండీ, ఎలా వదలమంటారు?' అన్నాడు. ఆడవాళ్లంతా నా వైపు తిరిగి నా భుజాలు నిమిరారు. 'మొన్ననే రెండు చక్రాలూ కొత్తవి వేయించాను' అని ఆయన అనేవరకూ ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

పిన్నీ, అది మోటారు సైకిలు! పక్కన పడుకున్నది చమురు కారుతోందని! సర్దుకోవడమంటే సామాను సర్దుకోవడం, అట్టపెట్టెల్లో! మేం శుభ్రంగా ఉన్నాం. పోట్లాడుకుందామన్నా తీరిక లేదు.

రెండు ఉత్తరాలు రాశావు. వాటిలో ప్లీడరు గారున్నారు, మబ్బులున్నాయి, వస్తానన్న ముక్క మాత్రం లేదు. నాకు ఏడుపొస్తోంది. లారీ మీ ఊరి స్టాండులో బయల్దేరి నాలుగింటికి వస్తుంది. నువ్వు రాకపోయినా వెళ్తాను. కానీ అలా వెళ్తే నాకు వెళ్లినట్టే ఉండదు.

గుండీ

తా.క. మన ఉత్తరాలన్నీ మనకంటే ముందు తనే చదివానని వ్యానాయన ఇప్పుడే ఒప్పుకున్నాడు. ఇదీ చదవకుండా ఉండలేడు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను: అయ్యా, అది మోటారు సైకిలు.

ఆదివారం, సాయంత్రం ఆరు

గుండీకి,

ఈసారి దీవెనలు చివర్లో. ముందు తప్పు ఒప్పుకోనీ.

లారీ రెండు గంటలు ఆలస్యమైందని డ్రైవరును తిట్టకు, చేసింది నేను. నీ మొదటి ఉత్తరాన్ని నిజంగానే అపార్థం చేసుకున్నాను. ఆ అపార్థం నాకెంత హాయిగా ఉందో! మీరు పోట్లాడుకుంటే ప్రయాణం ఆగుతుంది, నువ్వు నా ముందుగదిలోకి వచ్చేస్తావు. రెండో ఉత్తరంలో పొగ దగ్గరికి వచ్చేసరికి నాకు తెలిసిపోయింది. ఆ బండి గొట్టానికి కాలు కాల్చుకున్నదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి? తెలిసే ప్లీడరు గారికి చదివి వినిపించాను. తెలిసే వ్యానాయన చెవిన వేశాను. పెంచిన పిల్ల కాపురం కూలిందని నలుగురూ అనుకున్నా సరే, నువ్వు వెళ్లకపోతే చాలనుకున్నాను. ఏడుపొస్తోందని నువ్వు రాసింది చదివి సిగ్గుతో చచ్చిపోయాను.

'వెళ్లిరా' అనమన్నావు. ఆ మాట నా నోటికి రాదే. రెండు నెలలుగా అద్దం ముందు నిలబడి ప్రయత్నించాను, 'వె' దగ్గరే ఆగిపోతోంది. అందుకని స్టాండుకి వెళ్లి, డ్రైవరును బతిమాలి, లారీని ముందు మా వీధికి తిప్పించాను. ఆ రెండు గంటలూ నా ట్రంకు పెట్టె ఎక్కించడానికే పట్టాయి.

ఇప్పుడు మీ ఇంటి ఎదురుగానే, లారీ ముందు సీట్లో కూర్చుని ఉన్నాను. దిగి నీ మొహం చూసే ధైర్యం లేక ఈ కాగితం డ్రైవరు చేతికిచ్చి పంపిస్తున్నాను. చదవడం అయ్యాక తలెత్తు, చెయ్యి ఊపుతాను. కోపంగా ఉంటే దించెయ్. లేకపోతే ఇంటికి తాళం వేసి త్వరగా రా, ఇక్కడ ఉక్కగా ఉంది.

కోటి దీవెనలతో
పిన్ని

తా.క. మీ దగ్గర ఒక్క నెలే ఉంటాను. ఆ నెల ఎప్పుడు మొదలవుతుందో తర్వాత చెప్తాను.