మూడో మెట్టు

మిషన్ బడి, సీతంపేట కొండలు,
12 మార్చి 1926

దివాన్ గారి సముఖానికి నమస్కారాలు.

పసితనంలోనే కొండల నుంచి కోటకు చేరిన తమరి పుట్టుపూర్వోత్తరాలు విచారించమన్నారు. ఏ కొండరాజు వంశమో తేలితే బిరుదు ఇచ్చే సభలో చదివిద్దామని ఆశపడ్డారు. రాజులెవరూ తేలలేదు. సవర గూడెంలో సోంబారి అనే ముసలామె తేలింది. నలభై ఏళ్ల కిందట కోట సిపాయిలు గూడెం తగలబెట్టి పట్టుకుపోయిన అయిదేళ్ల పిల్లవాడికి ఆమె అక్క. తమరి ఎడమ భుజం మీది కాలిన మచ్చ సంగతి నేను అడగకముందే చెప్పింది. ఉడుకు అంబలి ఒలకబోసింది తనేనట.

తమ్ముడు బతికే ఉన్నాడని, దివానయ్యాడని చెప్పాను. ఆమె సంతోషించలేదు. భయపడింది.

"ఆడు సచ్చిపోనాడని దున్నని కోసి, ఆడి పేర రాయి పాతినాం బాబూ. నిరుడు కోటోళ్లొచ్చి మా సచ్చినోళ్ల రాళ్లన్నీ పీకి బండికెత్తుకుపోనారు. అందికే ఆడు దెయ్యమై లేసినాడు. నీకు అగుపడింది ఆ దెయ్యమే" అంది.

ఆ రాళ్లు తమరి ఉత్తరువు మీదే కొత్త బంగళా మెట్లకు వెళ్లాయి. తమరి పేర పాతిన రాయికి ఆమె చెప్పిన గుర్తు పట్టుకుని వెళ్లి చూశాను. అంచున గొడ్డలి గాటున్న రాయి మూడో మెట్టు. తమరు రోజూ దాని మీదే బూట్లు దులుపుకుంటారని బంట్రోతు చెప్పాడు.

తమరి వంశానికి నాకు దొరికిన ఆధారం అదొక్కటే. దాన్ని ఊడదీయించి గూడేనికి పంపమని సోంబారి వేడుకుంటోంది. దున్నను మళ్లీ తెస్తారట. ఈసారి లోతుగా పాతుతారట.

బడి పంతులు