చేపలకు అమ్మవారు పోసింది

కరీంనగర్

పెద్దక్కకు తమ్ముడు నర్సయ్య నమస్కారాలు. నీ మోకాలు ఎలా ఉంది? బావ నీకు మంచినీళ్లైనా ముంచి ఇస్తున్నాడా? ఇవ్వడని నాకు తెలుసు. నేను బాగానే ఉన్నాను, దిగులు పడకు.

చెన్నూరు వదిలి బిడ్డ సునీత ఇంటికి వచ్చాక నాకు మాట్లాడే మనిషి కరువయ్యాడు. ఇక్కడ చలి ఎక్కువ, కూరలో కారం తక్కువ. సునీత పొద్దున పాఠాలు చెప్పడానికి బడికి పోతే సాయంత్రానికి వస్తుంది. అల్లుడు మస్కట్‌లో ఉన్నాడు. పగలంతా ఇంట్లో నేను, వియ్యపురాలు లక్ష్మమ్మ, అల్లుడు వదిలి వెళ్లిన చేపల తొట్టి. ఆమె మేత వేస్తూ కొడుకుతో మాట్లాడినట్టే ఆ చేపలతో మాట్లాడుతుంది.

పోయిన నెల ఆమె కొత్త చేపను కొని, వేరుగా ఉంచకుండా తొట్టిలో వదిలింది. కొన్నాళ్లకు తొట్టిలోని మోలీలనే నల్ల చేపల ఒంటిమీద రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు లేచాయి. అవి రాళ్లకు ఒళ్లు రుద్దుకోసాగాయి. ఒకటి చచ్చిపోయింది. లక్ష్మమ్మ చెంపలు వేసుకుంది.

"అమ్మవారు పోసిందన్నా. మందు గిందు ఎయ్యద్దు. సల్లగ ఉంచాలె."

తొట్టిలో వేపాకు వేసి, ఫ్యాను అటు తిప్పింది. ఈ చలికాలంలో!

"అమ్మవారు కాదు చెల్లే, కంటికి కనవడని పురుగు. నీళ్లు జర వేడి చెయ్యాలె."

"అమ్మవారికి వేడి పెడతవా? గన్ని పుస్తకాలు సదివినవు, గింత సోయి లేకపాయె!"

అక్కా, బావ నన్ను జీవితమంతా అన్న మాటే ఇది. నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం అల్లుడు ఫోన్ చేసి చేపలు ఎలా ఉన్నాయని అడిగాడు. "మంచిగున్నయ్ బిడ్డా" అని చెప్పి, ఆమె వంటింట్లోకి పోయి ఏడ్చింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"నీకు తెలిసింది చెయ్యన్నా. వేపాకు మాత్రం తియ్యకు."

"నీళ్లల్ల కుళ్లుతది. తొట్టి మీద కట్టుకో."

కట్టింది. నేను హీటరు పెట్టి వేడిని కొద్దికొద్దిగా పెంచాను. వేడి నీళ్లలో గాలి తగ్గుతుంది కాబట్టి గాలి పంపు ఆపలేదు. అడుగున చేరిన మురికిని గొట్టంతో లాగి, నిలవ ఉంచిన కుళాయి నీళ్లలో కల్లుప్పు కరిగించి పోశాను. చుక్కలు రాలిపోయాయి.

"అమ్మవారు దిగింది. ఇగ గా వేడి తీసెయ్" అంది.

"పురుగు చావలే చెల్లే. అడుగుకు దిగి పిల్లలు పెడతది. గా పిల్లలు మళ్ల చేపల మీద పడ్తయ్. అవి చచ్చేదాక వేడి ఉండాలె."

"ఇల్లు ఖాళీ చేసిన కిరాయికున్నోళ్లు మంది మార్బలంతోటి మళ్ల వచ్చినట్టా?" అని నవ్వింది. "సరే, ఉండనియ్. పెరుగన్నం మాత్రం పెడత."

తొట్టి ముందు పెరుగన్నం పెట్టింది. హీటరు జోలికి పోలేదు. చుక్కలు మళ్లీ రాలేదు. నిన్న చూస్తే మొక్కల మధ్య చీమలంత మోలీ పిల్లలు తిరుగుతున్నాయి. ఆమె ఫోనును అద్దానికి ఆనించి కొడుక్కు చూపించింది.

"చూడు బిడ్డా! మీ మామ బతికిచ్చిండు. అమ్మవారే ఆయన నోట చెప్పిచ్చింది."

నేను ఎదురు చెప్పలేదు. నువ్వు నమ్మవు గానీ, నిజంగానే చెప్పలేదు.

వీలైతే కాసిని ఎండుమిరపకాయలు పంపు. పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు దీవెనలు. చేపలు బతికాయని బావకు గట్టిగా చెప్పు. వినపడనట్టు నటిస్తాడు, మళ్లీ చెప్పు.

నీ దీవెన కోరే తమ్ముడు,
నర్సయ్య