కుక్కలు తిన్న సోయా బన్నులు

నాన్నా, కూర స్టవ్ మీదుంది, వేడి చేసుకుని తిను. బీపీ మాత్ర మర్చిపోకు.

మా ల్యాబ్‌లో పరీక్ష కోసం చేసిన సోయా ప్రొటీన్ బన్నులు రెండు నెలలుగా నీకు తెచ్చిస్తుంటే, వీధి చివర కుక్కలకి వేస్తున్నావట! టైలరమ్మ చెప్పింది. అడిగినప్పుడల్లా "బ్రహ్మాండంగా ఉంది" అన్నావే! నీ కొలెస్ట్రాల్ తగ్గితే సోయా వల్లేనని రిపోర్టులో రాసేశాను. ఇప్పుడు మా మేడమ్ ముందు తలెక్కడ పెట్టుకోవాలి? రిపోర్టులోంచి నీ లెక్క కొట్టేయమని చెప్పడానికే పోతున్నా. బాగోకపోతే బాగోలేదని చెప్పి చావొచ్చుగా!

కొలెస్ట్రాల్ తగ్గింది మాత్రం నిజం. మోకాళ్ల నొప్పులని గడప దాటనివాడివి, కుక్కల కోసం రోజూ అంత దూరం నడిచావు మరి. బల్ల మీద మామూలు బన్నులు పెట్టాను, వాటికే. నడిచే వెళ్లు.