బోల్టు మీద గోళ్ళరంగు గీత

మా ఇంటి పిడుగుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ నాన్న మోకాలు కూడా ఈ వారం అలక మానింది. నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటున్నాను. అడిగినా నిజం చెప్పవు గనక అడగను. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో. ఫోన్లో అయితే సగంలోనే "సరేమ్మా, క్లాసుంది" అంటావు. ఉత్తరానికి ఆ భయం లేదు.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. పడవ బోల్టులు ఊడాయా? నాన్నని చెయ్యి పెట్టనివ్వలేదు కదా? సెలవుల్లో నేనొక్కదాన్నే దీవి దాకా వెళ్ళొచ్చా? మొదటి రెంటికీ జవాబు రాస్తాను. మూడోదానికి కాస్త ఆగు.

ఊడాయి. మీ నాన్న చెయ్యి పెట్టారు. జరిగిన క్రమంలో చెప్పాలంటే ముందు చెయ్యి పెట్టారు, చాలా రోజులకి ఊడాయి.

తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు పడవకి అటో పట్టీకి, ఇటో పట్టీకి కట్టి ఉంటాయి కదా. ఆ పట్టీల కింద తుప్పు చారలు చూసి "ఈ బోల్టులు మార్చందే నేను వెళ్ళను" అన్నది నువ్వే. ఆ మాట విని నేను లోపల్లోపల సంతోషించాను. అవి జన్మలో ఊడవు, నువ్వూ వెళ్ళవు అనుకున్నాను.

ఊడవని అనుకోవడానికి కారణం ఉంది. మన ఇంటి జబ్బు నీకు తెలుసు. పడవ ఎక్కినవాళ్ళెవరూ ఒక బోల్టయినా బిగించకుండా దిగరు. మీ నాన్న ఒక చుట్టు. కాలేజీలో తర్కం పాఠం చెప్పి వచ్చి నేనో పావు చుట్టు. నీకు అన్నం కలుపుకోవడం రాకముందే స్పానర్ పట్టుకోవడం వచ్చింది. చుట్టపుచూపుగా వచ్చిన మీ మేనత్త కూడా "ఇదేదో వదులుగా ఉన్నట్టుందే" అని తిప్పి మరీ వెళ్ళింది. దానికి తోడు, పడవ తేలిగ్గా ఉంటుందని మీ నాన్న లోపలివైపు అల్యూమినియం పలక వేసి, దానికే మరలు చెక్కించి, ఉక్కు బోల్టులు బిగించారు. రెండు లోహాల మధ్యకి ఉప్పునీళ్ళు చేరాయి. అల్యూమినియం తెల్లటి పొడిగా మారి, మరల్లో నిండి, సిమెంటులా గట్టిపడింది. ఇక అది ఉడుంపట్టే.

నేను రోజూ నూనె పోసి, సుత్తితో మెల్లగా తట్టి, ఊరుకుంటున్నాను. మీ నాన్న చూసి చూసి అన్నారు: "తర్కం పాఠం చెప్పినట్టు బోల్టుని బతిమాలితే వస్తుందా? జరుగు."

స్పానర్‌కి మూరెడు గొట్టం తొడిగారు.

"ఏమండీ, వద్దు. విరుగుతుంది."

"నువ్వు అటు చూడు."

టక్‌మంది. "వచ్చేసింది!" అన్నారు. వచ్చింది తల. ఒళ్ళు లోపలే ఉండిపోయింది. అరచేతిలో ఆ తలని కాసేపు చూసుకుని, "సగం వచ్చినట్టే కదా" అన్నారు.

లేతు షాపాయన వచ్చి, పడవ చుట్టూ ఓసారి తిరిగి, "పడవ పక్క కోసేద్దామమ్మా, పూటలో అయిపోతుంది" అన్నాడు. కోసింది మళ్ళీ అతకాలి కదా అంటే, దానికెన్ని పూటలో చెప్పలేదు. పోనీ గ్యాస్ మంట పెడతానన్నాడు. ఇది ఫైబర్ పడవ, బోల్టు కంటే ముందు పడవ కాలుతుందని నేను ఒప్పుకోలేదు. చివరికి దారి చూపింది మీ నాన్నే. తల విరగ్గొట్టిన దగ్గర్నుంచీ చాలా మర్యాదగా ఉంటున్నారులే. రేడియోలు బాగుచేసే పెద్ద సోల్డరింగ్ ఐరన్ తెచ్చి, దాని మొన ఒక బోల్టు తలకి ఆనించి కూర్చున్నారు. బోల్టు ఒక్కటే వేడెక్కింది, ఫైబర్‌కి ఏమీ కాలేదు. చల్లారాక నూనె పోశాం. మర్నాడు మళ్ళీ అదే. మూడో రోజు నేను స్పానర్ పెట్టి విప్పే వైపు కాకుండా ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాను. కిర్రుమంది. పొడి పగిలిందన్నమాట. అప్పుడు ఇటు తిప్పితే వచ్చింది. విప్పడానికైనా ముందు బిగించాల్సిందే! మన ఇంటికి ఇంతకంటే నప్పే పద్ధతి లేదు. మిగతావీ అలాగే వచ్చాయి. తల విరిగినదాన్ని మాత్రం లేతు షాపాయన తొలిచి తీశాడు.

వాటిలో ఒకదాన్ని నీకోసం దాచాను. తల ధగధగా మెరుస్తోంది. నడుము మాత్రం పిల్లలు కొరికిన పెన్సిల్‌లా ఉంది. పైన పటారం, లోన లొటారం. రాత్రి భోజనాల బల్ల మీద ఉప్పు సీసా పక్కన పెడితే, మీ నాన్న దాన్నే చూస్తూ, "దీన్ని నమ్ముకునేనా మనం పిల్లని ఎక్కించుకుని..." అని ఆగిపోయి, కంచం పక్కకి జరిపారు.

ఇప్పుడు లోపల ఉక్కు పలకే వేయించాం. బోల్టులన్నీ కొత్తవి. "ఏనుగుని కట్టెయ్యొచ్చు" అంటారు మీ నాన్న. కావచ్చు. కానీ పాతవీ పైకి ఇలాగే మెరిశాయి కదా? అనుమానం పెనుభూతమంటారు, నాకది ఇంట్లో మనిషే. నీ అలమరలో మిగిలిపోయిన ఎర్రటి గోళ్ళరంగు తీసుకెళ్ళి, ప్రతి బోల్టు తల మీంచి పట్టీ మీదకి ఒక్కో గీత గీశాను. బోల్టు ఏమాత్రం కదిలినా గీత తెగి కనిపిస్తుంది. "బోల్టులకి సింగారమా! జడ కూడా వెయ్యి" అని మీ నాన్న ఎగతాళి చేశారు.

ఇంతసేపూ రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆదివారం పొద్దున్న మీ నాన్న క్షవరానికి వెళ్ళగానే నేను పడవ తీసుకుని వెళ్ళాను. ఒక్కదాన్నే. రేవులో అలలకి కట్టిన అడ్డుగోడ దాటి, దారి గుర్తుగా తేలే ఎర్ర బోయా దాకా. ఒంటరిగా వెళ్ళడానికి వీల్లేదని నీకు నాలుగు పేజీలు రాసిన అమ్మే.

ధైర్యం వచ్చి కాదు. రేవులో నిలబడి తీగని ఎంత లాగి చూసినా అది గాలి బరువు కాదు కదా. కొత్త బోల్టుల మీద ఆ బరువు మొదటిసారి పడేటప్పుడు పడవలో ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఒకరు నువ్వు కావడం నావల్ల కాలేదు. ఇన్నేళ్ళూ మీ ఇద్దరి మధ్య కూర్చుని తెరచాప తాడు పట్టుకున్నదాన్నే గనక, ఆ మాత్రం వచ్చు అనుకున్నాను. సముద్రం ఎలా ఉందో అడక్కు. వెళ్ళేటప్పుడంతా నేను బోల్టులే చూశాను.

బోయా దగ్గర వెనక్కి తిరుగుతుంటే గాలి ఒక్కసారి విరుచుకుపడింది. పడవ ఒరిగింది. తీగ గుయ్యిమంది. నేను తాడుని రెండు చేతులా ఇంకా ఇంకా బిగపట్టాను. పడవ ఇంకా ఒరిగింది. నువ్వు ఎప్పుడూ నా మీద అరిచేదానివి చూడు, "వదులమ్మా, వదులు!" అని, అది గుర్తొచ్చింది. వదిలాను. తెరచాపలో గాలి జారిపోయి, పడవ లేచి నిలబడింది.

రేవుకి వచ్చేసరికి మీ నాన్న గట్టు మీద ఉన్నారు. మెడ చుట్టూ మంగలి గుడ్డ, సగం తలే కత్తిరించి ఉంది. కొట్టు కిటికీలోంచి మన తెరచాప చూసి పరిగెత్తుకొచ్చారట. పడవ తాడు అందుకుని గట్టుకి కట్టారు.

"ఎవరితో వెళ్ళావు?"

"ఎవరితోనూ కాదు."

"చెప్పేవి శ్రీరంగనీతులు..."

"మిగతాది అనకండి. నలుగురూ ఉన్నారు."

ఆయన గట్టు మీద బోర్లా పడుకుని, మెడలో గుడ్డతోనే పట్టీలు తుడిచి చూశారు. తర్వాత పడవ తిప్పి రెండోవైపు. గీతలన్నీ కలిసే ఉన్నాయి. ఒక్కటీ తెగలేదు. అయినా ఆయన చెయ్యి స్పానర్ మీదకి వెళ్ళింది. "ఒక్క పావు చుట్టు..." అన్నారు. చెయ్యి పట్టుకుని ఆపాను. నిజం చెప్పనా, నా చెయ్యీ దురదపెడుతూనే ఉంది. ఇద్దరం దేన్నీ ముట్టుకోకుండా మెట్లెక్కి, ఆయన మిగతా సగం తల కత్తిరించుకోవడానికి కొట్టుకి వెళ్ళాం.

ఇక నీ మూడో ప్రశ్న. వెళ్ళు.

నా అనుమానం తీరిందని కాదు. అది నాతోనే ఇంట్లో ఉంటుందిలే. నువ్వు గీతలు చూసుకుంటూ ఉండు. ఏ ఒక్కటి తెగినా వెనక్కి తిరుగు. తెగకపోతే మాత్రం దేన్నీ బిగించకు. గోళ్ళరంగు సీసా అడుగంటింది, వచ్చేటప్పుడు ఇంకోటి తెచ్చుకో.

ఇట్లు,
నువ్వు దీవికి వెళ్ళే రోజు గట్టు మీద స్పానర్ లేకుండా నిలబడబోయే,
అమ్మ