ఊనా పాలు పట్టిన గొర్రెపిల్ల

లండన్, శనివారం

అమ్మా, మేమంతా క్షేమం.

ఉదయం పిల్లల్ని రైలు వంతెన పక్కన మా పేటవాళ్ళు పశువుల్ని పెంచే పొలానికి తీసుకెళ్ళాను. ఆకలని గోల చేస్తుంటే గేటు దగ్గర సాసేజీలు కొనిచ్చాను. వసంతంలో ఊనా సీసాతో పాలు పట్టిన గొర్రెపిల్ల దొడ్లో లేదు.

"మా డైసీ ఏది?" అని అడిగింది.

"నువ్విప్పుడు తిన్నది దాన్నే తల్లీ. ఇక్కడ పెంచిందే, బయటి మాంసం కాదు," అంది అమ్మే ఆవిడ గర్వంగా.

ఊనా అక్కడే కక్కేసింది. చిన్నవాడు ఫిన్ ఇంకోటి కావాలన్నాడు.

"నీకు ముందే తెలుసా?" అని ఊనా దారంతా అడిగింది. తెలియదన్నాను. అది డైసీ మాంసమని అక్కడి బోర్డు మీద చదివే కొన్నానమ్మా.

క్రిస్మస్ సెలవులకు పిల్లల్ని మీ దగ్గరికి పంపుతున్నాను. వాళ్ళున్నన్నాళ్ళు బాతుల్ని కొయ్యకు. నాన్న మోకాలు ఎలా ఉంది? ఆయనకు నా ముద్దులు. ఊనా అడిగితే, మీ అమ్మ అబద్ధమాడదని చెప్పు. నీ మాటైతే నమ్ముతుంది.

బ్రీడా