నా మూతి తుడిచిన తువ్వాలు

గుంటూరు జిల్లా రేపల్లె మండలంలో రేవు పక్కన కాపురముంటున్న, కీర్తిశేషుడు పోలయ్య కుమారుడు, చేపల వేట వృత్తి, అరవై ఏడేళ్ళ వయసు గల కొక్కిలిగడ్డ నాగులు అనే నేను, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఇష్టపూర్వకంగా వ్రాయించిన వీలునామా. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పాడు. బుర్రలోకి ఇంకా చేరలేదు. లేఖరి జ్ఞానానందం గారు నా మాటలు దిద్దకుండా వ్రాస్తానన్నారు. ఆయన మీద నాకు సగం నమ్మకమే గనక ప్రతి అంశం రెండుసార్లు చదివించుకుంటున్నాను.

నాకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గోపాలకృష్ణ నిరుడు జనవరిలో సముద్రంలో పోయాడు. రెండోవాడు నాగార్జున తెనాలిలో డీజిల్ ఇంజన్ల మెకానిక్కు. పండక్కి వస్తాడు, పలకరిస్తాడు, మా బోటు వైపు మాత్రం చూడడు.

1. నా స్వార్జితమైన పెంకుటిల్లు, దొడ్డితో సహా, పెద్దకోడలు వెంకటసుబ్బులుకు సర్వహక్కులతో చెందాలి. ఆమె నోరు తెరిచి ఒక్క మాట చెప్పి ఉంటే కొడుకు బతికేవాడని ఏడాదిగా లోపల తిట్టుకున్నాను. చెబితే నేను వినేవాణ్ణి కాదు. అది తెలిసే ఊరుకుంది. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

2. నా మరబోటు, ఇంజను, వలలు నాగార్జునకు దఖలు పరుస్తున్నాను. నడుపుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పొయ్యిలోకి చీల్చుకోవచ్చు. నడిపితేనే ఇస్తానని షరతు పెట్టను. వాడికి షరతులు పెట్టే మొహం నాకు లేదు.

ఎందుకో వ్రాయండి. మా ఇళ్ళల్లో పదేళ్ళు నిండిన మగపిల్లవాణ్ణి మొగ దాటిస్తారు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడి అలలకి కక్కుకోకపోతే వాడు పుట్టు సరంగు, బోటు నడపడం రక్తంలోనే ఉన్నవాడు. కక్కుకుంటే ఒడ్డు మనిషి. గోపాలకృష్ణని తీసుకెళ్ళిన రోజు నేను చుక్కాని దగ్గర నుంచి వెనక్కి తిరిగి చూస్తే, వాడు వల కుప్ప పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఆ నవ్వు గురించి మూడు ఊళ్ళకి చెప్పుకున్నాను. నాలుగేళ్ళకి నాగార్జున వంతు వచ్చింది. వాడు కక్కాడు. బోటు వెనక్కి తిప్పించి, రేవులో అందరూ చూస్తుండగా దించేశాను. మళ్ళీ ఎక్కుతానని వాడు నాలుగు రోజులు వరసగా వచ్చి నిలబడ్డాడు. "నీకు రాదురా, ఇంటికి పో" అన్నాను. ఐదో రోజు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

3. బోటులో ఉన్న, సముద్రంలో దారి చూపే జీపీఎస్ పెట్టె నా మనవరాలు, గోపాలకృష్ణ కూతురు సౌజన్యకు చెందాలి. ఆ పిల్ల బాపట్లలో అమ్మమ్మ గారింట్లో ఉండి ఆరో తరగతి చదువుతోంది.

ఆ పెట్టె నాగార్జున తన జీతంతో అన్న కోసం కొన్నది. పది సాయంత్రాలు కూర్చుంటే అన్నయ్యకి నేర్పిస్తానన్నాడు. "పుట్టు సరంగుకి పెట్టెతో పనేంటిరా" అని బోటులో పనిచేసే కళాసీల ముందు నవ్వాను. గోపాలకృష్ణ కూడా నాతో పాటు నవ్వాడు. తరవాత వాడు ఆ పెట్టెని సంచిలో పెట్టుకుని తెనాలి బస్సెక్కాడట. తమ్ముడు పనిచేసే షాపు నిండా జనం ఉన్నారట. ఎదురుగా సోడా కొట్టు దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చేశాడట. "నేను నేర్చుకుంటున్నానని తెలిస్తే నాన్న చెప్పుకున్న మాట ఏమవుద్దే" అన్నాడట పెళ్ళాంతో. ఇది వెంకటసుబ్బులు నాకు పెద్దకర్మ అయ్యాక చెప్పింది.

ఆ రోజు పొద్దెక్కినా మంచు విడలేదు. మొగ కనబడక బోటు ఇసక మేట ఎక్కింది. పెద్ద అల కొట్టింది. కళాసీలు ముగ్గురూ ఈదుకొచ్చారు. "అబ్బాయి ఆ పెట్టెని నొక్కుతానే ఉన్నాడు పెద్దాయనా, లైటు వెలిగింది, ఏం చెబుతుందో తెలవలేదు" అన్నాడు వాళ్ళలో పాతవాడు యాకోబు. మూడో రోజున బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున నా బిడ్డ దొరికాడు. మేట మీంచి లాగి తెచ్చిన బోటులో ఆ పెట్టె ఇప్పటికీ పనిచేస్తోంది.

సౌజన్యకు దాన్ని వాళ్ళ బాబాయి నేర్పాలి. ఆ పిల్ల లెక్క తప్పితే నీకు రాదని ఎవరూ అనకూడదు. ఫస్టు వస్తే పుట్టుకతోనే వచ్చిందనీ అనకూడదు. మొదటి మాటతో చిన్నవాణ్ణి పోగొట్టుకున్నాను, రెండో మాటతో పెద్దవాణ్ణి చంపుకున్నాను. తప్పితే పక్కన కూర్చుని మళ్ళీ చేయించండి.

4. ఈ వీలునామా అమలు జరిపించే బాధ్యత తెనాలి మెకానిక్కు షేక్ జానీ బాషాకు అప్పగిస్తున్నాను. ఆయనతో నాకు పదహారేళ్ళుగా మాటల్లేవు. నాగార్జునకు పని నేర్పింది ఆయనే. ఒకే పంపుని పదకొండుసార్లు విప్పించి బిగింపించాడట, ఒక్కసారీ విసుక్కోలేదట. వాణ్ణి ఒకసారి బోటెక్కించమని మా ఇంటికొచ్చి అడిగాడు. "కక్కినోళ్ళు మళ్ళీ ఎక్కకూడదని నీకెవరు చెప్పారు బావా" అన్నాడు. కూర్చోమనకుండానే పంపించేశాను. ఆనాడు ఆయన కూర్చోవలసిన నవారు మంచం ఆయనకే చెందాలి.

5. ఆ మాట నాకు అంతగా ఎందుకు తగిలిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మొగ దాటిన రోజు నేనూ కక్కాను. ఆ ఒక్కరోజు కాదు, మూడు నెలలు కక్కాను. నాలుగో నెలకి దానంతటదే తగ్గింది. మొదటి రోజున మా నాన్న తన ఎర్ర తువ్వాలుతో నా మూతి తుడిచి, "పిల్లోడు పాచిపోయిన కూర తిన్నాడు" అని పడవలో వాళ్ళకి చెప్పాడు. మర్నాడు మళ్ళీ ఎక్కించాడు. నాగార్జున కక్కినప్పుడు నన్ను నేను చూసుకున్నట్టయింది. నా గుట్టు తెలిసిపోతుందని భయపడ్డాను. అదే తువ్వాలు ఆ రోజూ నా భుజం మీద ఉంది, నా చెయ్యి లేవలేదు. ట్రంకుపెట్టె అడుగున ఉన్న ఆ తువ్వాలు నాగార్జునకు ఇవ్వాలి. ఒరే చిన్నోడా, నీకు రాకపోవడం కాదు, నేను మళ్ళీ ఎక్కనివ్వలేదు.

6. పైదంతా లేఖరి చదివి వినిపించిన తరవాత, సాక్షి యాకోబు సంతకం పెట్టకుండా లేచి నిలబడి చెప్పగా, అతని మాటలు కూడా చేర్పించాను: "పెద్దాయనా, గోపాలకృష్ణ కూడా కక్కాడండి. వల కుప్ప ఎనకమాల. మీరు చుక్కాని దగ్గరున్నారు. నాన్నకి చెప్పొద్దని నా కాళ్ళు పట్టుకున్నాడండి, పదేళ్ళ పిల్లోడు. నేనే నీళ్ళు పోసి కడిగాను. మీరు తిరిగి చూసేసరికి నవ్వాడు."

కాబట్టి అయిదో అంశం ఈ విధంగా మారుస్తున్నాను. తువ్వాలుని రెండు సగాలుగా చింపి, ఒక సగం నాగార్జునకు, రెండో సగం వాళ్ళ నాన్న వాటా కింద సౌజన్యకు ఇవ్వాలి.

రేపల్లె, 2007 మార్చి 14.

(వేలిముద్ర) కొక్కిలిగడ్డ నాగులు. సంతకం చేయడం వచ్చు, ఈ పూటకి వేలిముద్ర వేశాను.

సాక్షులు: యాకోబు, కళాసీ, జకరయ్య, వల అల్లకం.

వ్రాసినది: జ్ఞానానందం, దస్తావేజు లేఖరి. ఒక్క మాటా దిద్దలేదు.